గాజులో కరిగిన రంగు

మన పల్లె దేవాలయములలో పెక్కింటికి కిటికీ యనగా రెండు చెక్క తలుపులు, నాలుగు ఇనుప కడ్డీలు. గాలియు వెలుతురును లోనికి వచ్చిన చాలును. వానజల్లు కొట్టినపుడు తలుపు మూయుదుము. అంతకు మించి కిటికీని గూర్చి మనము తలపోయము. అయితే ఇంగ్లండు దేశములో ఒక కాలమున విశ్వాసులును, చిత్రకారులును, గాజు పనివారును దేవాలయపు కిటికీని గూర్చి ఎంతో ఆలోచించిరి, వాదించుకొనిరి, విస్తారమైన ధనము వెచ్చించిరి. విక్టోరియా రాణి ఏలిన 1837 మొదలు 1901 వరకు గల ఆ కాలములో వేలకొలది దేవాలయములలో రంగు గాజు కిటికీలు అమర్చబడెను. నేడు ఆ దేశపు దేవాలయములలో కనబడు రంగు కిటికీలలో ఎక్కువ భాగము ఆ తరమువారు పెట్టినవే.

వాటి చరిత్రను చదువుచు పోయినయెడల ఒకే ప్రశ్న మాటిమాటికి ఎదురగును. రంగు గాజు పైన ఉన్నదా, గాజులోనే ఉన్నదా? ఇది గాజు పనివానికి మాత్రమే చెందిన ప్రశ్నయని తోచవచ్చును. కాని దాని జవాబు వెదకుచు పోగా అది మన సంఘముల గుమ్మము నొద్దకే వచ్చి నిలుచును.

పని జరుగు విధము

ఇసుకను, సున్నమును, సోడానుగాని కట్టెల బూడిదనుగాని కలిపి, మట్టి మూసలో ఉంచి, గొప్ప మంటలో కరిగించినచో గాజగును. ఆ కరుగులో కోబాల్టు అను లోహపు భస్మము చేర్చిన నీలము వచ్చును. మాంగనీసు ఊదావర్ణము నిచ్చును. రాగి చేర్చినచో మంట తీరునుబట్టి ఆకుపచ్చయైనను ఎరుపైనను వచ్చును. ఇట్లు మూసలోనే రంగు పట్టిన గాజును ఎచ్చట విరిచి చూచినను లోపల అదే రంగు. వాన దానిని కడుగలేదు, ఎండ దానిని వెలయింపలేదు. ఎరుపు మాత్రము మిక్కిలి చిక్కనిది. పలకంతయు ఎరుపే అయినచో వెలుగు చొరక నల్లగా కనబడును. కాబట్టి తెల్ల గాజుమీద ఎఱ్ఱ గాజును పలుచని పొరగా, రెండును కరిగి వేడిగా ఉన్నప్పుడే, అతుకుదురు.

చిత్రకారుడు మొదట చిన్న చిత్తు గీయును. పిదప కిటికీ ఎంత పెద్దదో అంత కాగితముమీద పూర్తి చిత్రము వ్రాయును. ఆ చిత్రము ననుసరించి రంగు రంగుల గాజు పలకలను ముక్కలుగా కోయుదురు. ఎఱ్ఱని అంగీకి ఎఱ్ఱ గాజు, నీలాకాశమునకు నీలి గాజు. అయితే కన్నులు, పెదవులు, చేతివ్రేళ్లు, వస్త్రపు మడతలు గాజును కోసి చూపలేము. వాటికొరకు ఇనుప భస్మమును మెత్తని గాజుపొడిని కలిపి నూరిన నల్లని రంగుతో గాజుమీద గీతలు గీసి, ఆ ముక్కలను ఆవములో పెట్టి కాల్చుదురు. ఆ వేడికి గాజుపొడి కరిగి, గీత గాజునకు అంటుకొనిపోవును. వెండితో చేసిన మందు పూసి కాల్చినచో అది గాజులోనికి ఇంకి పసుపు వర్ణమగును.

ముక్కలన్నియు సిద్ధమైన పిదప సీసపు పట్టీలతో వాటిని ఒకదానికొకటి కూర్చి, అతుకుల యొద్ద టంకము వేసి, నీరు కారకుండ సందులలో లప్పము పట్టించి, కిటికీలోని ఇనుప కడ్డీలకు తీగెలతో బిగింతురు. పాఠకులారా, ఇందులో రెండు విధములైన రంగులున్నవని గమనించితిరా? ఒకటి మంటలో గాజుతోకూడ పుట్టినది. రెండవది తరువాత పైన పూసి కాల్చినది. రెండవదానికి ప్రాణమంతయు ఆవపు వేడిలోనే ఉన్నది. వేడి చాలకపోయినను, కలిపిన మందు మంచిది కాకపోయినను అది నిలువదు. ఈ భేదమును మనస్సునందుంచుకొని ముందుకు పోవుదము.

మరుగుపడిన విద్య

ఇంగ్లండులో ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. యార్కు నగరపు మహా దేవాలయములోని గొప్ప తూర్పు కిటికీని జాన్ థార్న్‌టన్ అను పనివాడు 1405 మొదలు 1408 వరకు మూడేండ్లలో తన తోటివారితో ముగించెను. సృష్టి మొదలుకొని లోకాంతము వరకు గల సంగతులు అందులో చూపబడినవి. అది నేటికిని నిలిచియున్నది.

అయితే ఆ దేశములో సంఘ సంస్కరణము వచ్చిన తరువాత, పరిశుద్ధుల రూపములు విగ్రహారాధనకు త్రోవతీయునని అనేకులు తలంచిరి. 1643లో పార్లమెంటు అట్టి రూపములను తీసివేయవలెనని ఆజ్ఞ చేసెను. విలియం డౌజింగ్ అను నతడు 1643, 1644 సంవత్సరములలో కేంబ్రిడ్జి, సఫోక్ ప్రాంతములలో 250కి పైగా దేవాలయములకు వెళ్లి, ఏ ఊరిలో ఎన్ని రూపములు పగులగొట్టించినది దినచర్యలో వ్రాసిపెట్టుకొనెను. అతనిని కేవలము దుర్మార్గుడని కొట్టివేయుట న్యాయము కాదు. దేవునికి చెందవలసిన మహిమ గాజుబొమ్మకు పోవునేమో యను భయము అతనిది. ఆ భయమునకు కొంత హేతువు లేకపోలేదు. అయినను రెండు మూడు వందల యేండ్ల పనివారి శ్రమ సుత్తెదెబ్బతో నేలరాలెను. ఆ కాలముననే ఐరోపా ఖండములోని లొరేన్ ప్రాంతమున, రంగు గాజునకు పేరుపొందిన కొలుములు యుద్ధములవలన పాడైపోయెను. అడుగువారు తగ్గిరి, చేయువారును తగ్గిరి. కొన్ని తరములకు మూసలో రంగు పట్టించు విద్య చాలవరకు మరుగుపడెను.

అప్పుడు ఏమి చేసిరి? తెల్లని గాజు పలకలను తీసికొని, గుడ్డపై బొమ్మ వ్రాసినట్లు వాటిపై రంగులు పూసి కాల్చిరి. ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజి దేవాలయపు పడమటి కిటికీకి సర్ జోషువా రెనాల్డ్స్ అను ప్రఖ్యాత చిత్రకారుడు క్రీస్తు జనన చిత్రమును వ్రాసియిచ్చెను. థామస్ జెర్వేస్ అను పనివాడు దానిని గాజుపైకి ఎక్కించెను. అది 1780ల నాటికి పూర్తియయ్యెను. గుడ్డపై అంత అందమైన చిత్రము, వెనుకనుండి వెలుగు పడగానే మరింత ప్రకాశించునని రెనాల్డ్స్ ఎదురుచూచెను. కాని ఫలితము తారుమారాయెను. దట్టముగా పూసిన రంగు వెలుగును అడ్డగించెను. చిత్రము మసకబారి కనబడెను. గొప్ప చిత్రకారుని చేతి నైపుణ్యమంతయు ఉన్నను, రంగు గాజు పైననే యుండి, గాజులో లేకపోయెను.

మరల వెదకినవారు

విక్టోరియా రాణి సింహాసన మెక్కిన నాటికి ఇంగ్లండు జనసంఖ్య వేగముగా పెరుగుచుండెను. మిల్లులున్న పట్టణములలో క్రొత్త దేవాలయములు కావలసి వచ్చెను. పల్లెలలో శిథిలమైన పాతవాటిని బాగుచేయవలసి వచ్చెను. 1839లో కేంబ్రిడ్జిలో కొందరు విద్యార్థులు ఒక సమాజముగా కూడి, దేవాలయము పూర్వకాలపు రీతిగా కట్టబడవలెనని, కిటికీలలో మరల రంగు గాజు ఉండవలెనని వాదించిరి. నూరేండ్లుగా గాజుమీద ఉన్న సుంకము 1845లో రద్దుచేయబడెను. ఇండ్ల కిటికీలపై ఉన్న పన్ను 1851లో పోయెను. గాజు వెల తగ్గెను. కావలసినది విద్య మాత్రమే.

ఆ విద్యను వెదకినవారిలో ఇద్దరిని చెప్పుదును. మొదటివాడు అగస్టస్ ప్యూజిన్. అతడు శిల్పశాస్త్రజ్ఞుడు. లండనులో 1834లో కాలిపోయిన పార్లమెంటు భవనమును తిరిగి కట్టునపుడు లోపలి అలంకారములను గీసినవాడు ఇతడే. కిటికీ పనివారు తన మనస్సునకు తగినట్లు చేయలేకపోవుచుండగా, బర్మింగ్‌హామ్‌లో లోహపు పని చేయించుచున్న తన స్నేహితుడు జాన్ హార్డ్‌మన్‌ను అడిగి 1845లో గాజు పని కూడ మొదలుపెట్టించెను. తాను సముద్రతీరమందలి తన ఇంట చిత్రములు గీయించి పంపును. హార్డ్‌మన్ పనివారు వాటిని గాజులో దింపుదురు. ఎడతెగని శ్రమవలన ఆరోగ్యము చెడి, ప్యూజిన్ 1852లో తన నలువదవ యేట మరణించెను.

రెండవవాడు చార్లెస్ విన్‌స్టన్. ఇతడు ఒక పాదిరిగారి కుమారుడు, వృత్తికి న్యాయవాది. గాజు పని ఇతనికి జీవనాధారము కాదు. చిన్ననాటి నుండి పాత దేవాలయములకు వెళ్లి, కిటికీలను చూచి, వాటిని ఉన్నవి ఉన్నట్లు రంగులతో కాగితములపై వ్రాసికొనుచుండెను. 1847లో పాత గాజు చిత్రముల శైలులను గూర్చి గొప్ప గ్రంథము ప్రచురించెను. దానిమీద తన పేరైనను వేసికొనలేదు. పిదప అతనికొక సందేహము కలిగెను. క్రొత్త కిటికీలు పాతవాటివలె ఎందుకు ప్రకాశించుటలేదు? బొమ్మలో లోపమా, గాజులోనే లోపమా?

దీనిని తేల్చుటకు పాత గాజు ముక్కలను రసాయన శాస్త్రజ్ఞునిచేత పరీక్ష చేయించెను. తేలిన సంగతి వింతయైనది. క్రొత్త గాజు మిక్కిలి శుభ్రమైనది, మిక్కిలి నునుపైనది. వెలుగు దానిలోనుండి ఏ అడ్డును లేక సూటిగా జారిపోవును. అందుచేత రంగు నీళ్లవలె పలుచగా కనబడును. పాత గాజులో మలినములు, బుడగలు, ఎగుడుదిగుళ్లు ఉన్నవి. వెలుగు వాటిలో చిక్కుకొని, చెదరి, నిండుగా మెరయును. ఈ ఫలితమును విన్‌స్టన్ దాచుకొనలేదు. లండనులోని వైట్‌ఫ్రయర్స్ గాజు కొలిమి యజమానులైన పావెల్ వారితో కూడి, 1850 తరువాత పాతరీతి గాజును మరల చేయించెను. అతడు 1864లో మరణించెను. అప్పటికి మూసలో రంగు పట్టించిన మంచి గాజు మరల పనివారికి దొరకుచుండెను.

ఆవము వేడిని తగ్గించినప్పుడు

దీనితో చరిత్ర సుఖాంతమయ్యెనని అనుకొందుము. కాని అసలు పాఠము ఇచ్చట మొదలగుచున్నది.

1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో రంగు గాజునకు ప్రత్యేకమైన స్థానమిచ్చిరి. ప్రజలు చూచి మెచ్చుకొనిరి. అటుతరువాత కిటికీలు కావలెనని అడుగువారు నానాటికి పెరిగిరి. క్లేటన్ అండ్ బెల్, హీటన్ బట్లర్ అండ్ బేన్ మొదలగు పేరుగల పనిశాలలు 1850ల నుండి వెలసెను. దేవాలయములకే గాక పట్టణ మందిరములకు, పాఠశాలలకు, ధనవంతుల ఇండ్లకు సహితము రంగు కిటికీలు కావలసెను. నూలు మిల్లుల పట్టణమైన రాచ్‌డేల్‌లో 1871లో తెరచిన పట్టణ మందిరపు కిటికీలలో ఇంగ్లండు రాజుల రాణుల రూపములు వరుసగా నిలిపిరి. 1861లో విలియం మారిస్ అను కవియు చిత్రకారుడును తన స్నేహితులతో కలిసి ఒక పనిశాల స్థాపించెను. లండనులో దిక్కులేని బాలుర కొరకు నడుపబడిన ఒక ఆశ్రమమునుండి పిల్లలను తీసికొని వారికి పని నేర్పిరి. సెల్స్‌లీ అను కొండపల్లెలో ఒక నేతమిల్లు యజమాని కట్టించిన దేవాలయమునకు 1862 నాటికి వీరు చేసిన కిటికీలు, వారు దేవాలయములకు చేసినవాటిలో మొదటివి.

పని ఎక్కువైనపుడు త్వరపడుట మనుష్య స్వభావము. ముఖములు వ్రాయు నల్లరంగు గట్టిగా అంటుకొనవలెనన్న ఆవము బాగుగా కాలవలెను. కట్టెలు, బొగ్గు, కాలము పట్టును. వేడి మించినచో గాజు వంగిపోవును. ఇంతలో రంగు అమ్మువారు ఒక సుళువు చూపిరి. రంగులో వెలిగారము కలిపిన తక్కువ వేడికే కరుగునట. వెలిగారము మనకు తెలిసినదే. మన ఊళ్లలో కంసాలి బంగారము అతుకునపుడు లోహము సుళువుగా కరిగి పారుటకు దానిని వాడును. కంసాలికి అది మేలే. గాజు పనివానికిని మొదట మేలుగానే కనబడెను. రంగు నునుపుగా పారెను, త్వరగా కాలెను, ఆవములోనుండి తీయగానే ముఖములు ఎంతో చక్కగా ఉండెను. దేవాలయములో అమర్చిన దినమున చూచినవారందరు సంతోషించిరి.

కాని వెలిగారమునకు నీటితో పొత్తు కుదరదు. చలిదేశములో గాజు లోపలివైపున ప్రతి రాత్రి తేమ పట్టును, ప్రతి ఉదయము అది చెమటవలె కారును. ఆ తేమకు వెలిగారము మెల్లమెల్లగా కరగి, దానితో కూడ గీతలు రాలిపోసాగెను. ఎఱ్ఱని అంగీ ఎఱ్ఱగానే యుండెను, నీలాకాశము నీలముగానే యుండెను. కాని అపొస్తలుని ముఖము కనబడుటలేదు. తల్లి ఒడిలోని బిడ్డకు కన్నులు లేవు. 1860, 1870ల నాటి అనేక కిటికీలలో ఈ వింతను నేటికిని చూడవచ్చును. మూసలో పుట్టిన రంగు నిలిచెను. ఆవపు వేడి చాలని గీత పోయెను. పోయినది అంచుల అలంకారము మాత్రమే కాదు, ముఖమే పోయెను!

ఈ నష్టము పేరుగల పనిశాలలకు సహితము కలిగెను. మారిస్ తప్పించుకొనలేదు. అయితే సంగతి బయటపడినపుడు అతడు ఎండమీదను వానమీదను నెపము వేయలేదు. ఆ నమ్మరాని రంగు చేత తాము మోసపోతిమని, ఇకమీదట వెలిగారము లేని రంగునే వాడుచున్నామని, చెడిన గాజును తీయించి తమ సొంత ఖర్చుతో తిరిగి చేయింతుమని ఉత్తరము వ్రాసెను. చేసిన పని చెడెనని ఒప్పుకొని, పుచ్చుకొన్న ధనమునకు న్యాయము చేసిన పనివాడు గౌరవమునకు పాత్రుడు.

స్కాట్లండులోని గ్లాస్గో మహా దేవాలయము మరియొక సాక్ష్యము. అక్కడివారు 1859 మొదలు 1864 వరకు బవేరియా దేశపు మ్యూనిక్ నగరమునుండి, ఆనాడు గొప్ప పేరుపొందిన పనిశాలవారిచేత, కిటికీలు చేయించి తెప్పించిరి. గాజుపై దట్టముగా పూసి కాల్చిన ఆ చిత్రములు మొదట అందరిని ఆశ్చర్యపరచెను. కాని ఆ రంగులు వెలిసి, రాలి, మాసిపోయెను. ఇరువదవ శతాబ్దములో వాటిలో చాలవాటిని తీసివేసి క్రొత్తవి పెట్టవలసి వచ్చెను.

ఎవరి మహిమకు?

ఈ కిటికీలలో పెక్కు మృతుల జ్ఞాపకార్థము పెట్టబడినవి. పూర్వము ధనవంతులు దేవాలయపు గోడలకు తమ వంశపు గొప్పలు చెక్కిన పాలరాతి పలకలను బిగించుచుండిరి. అంతకంటె క్రీస్తు చరిత్రను చూపు కిటికీని పెట్టుట మేలని 1840ల నుండి కొందరు బోధించిరి. ఆ బోధ మంచిదే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు, క్రీస్తు చిన్నపిల్లలను ఎత్తుకొని దీవించు చిత్రమును పెట్టించిరి. వారి కన్నీరు ఆ గాజులో కలదు. అయినను కిటికీ అడుగున దాత పేరు పెద్ద అక్షరములతో ఉండును. కొలిమి యొద్ద నిలిచి గాజు ఊదినవాని పేరు ఎచ్చటను ఉండదు. కొందరు దాతల ధనము మిల్లులలో పిల్లలు కూడ పనిచేసిన దినముల ధనము. ఈ సంగతిని మరచి ఆ కిటికీలను పొగడుట సత్యము కాదు.

దాతల ఇష్టాయిష్టములకు చిత్రకారుడు లోబడవలసి వచ్చుటయు కలదు. బర్మింగ్‌హామ్‌లోని సెయింట్ ఫిలిప్ దేవాలయమునకు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ అను చిత్రకారుడు గీయగా మారిస్ పనిశాలవారు చేసిన నాలుగు కిటికీలు లోకప్రసిద్ధములు. బర్న్-జోన్స్ ఆ ఊరివాడే. శిశువుగా ఆ దేవాలయముననే బాప్తిస్మము పొందెను. ఆరోహణపు కిటికీ 1885లోను, క్రీస్తు జననము, సిలువ అనునవి 1887లోను, అంత్య తీర్పు 1897లోను వచ్చినవి. క్రీస్తు జనన చిత్రములో ఎద్దులు కనబడకూడదని ధనమిచ్చిన ఒక స్త్రీ పట్టుపట్టెనని చెప్పుదురు. ఎద్దు మోటు జంతువని ఆమె తలంపు కాబోలు! దుక్కిటెద్దుల వెంట బ్రదుకు గడిపిన మన రైతు సహోదరులు ఈ మాటకు నవ్వుకొందురు. పశువుల తొట్టిలో పరుండుటకు ప్రభువు సిగ్గుపడలేదు గదా.

దీనికి ఎదురుగా చార్లెస్ కెంప్ కథను చూడుడి. ఇతడు 1837లో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, పాదిరి కావలెనని కోరెను. కాని అతనికి నత్తి. ప్రసంగపీఠము నొద్ద నిలిచి మాటలాడలేడు. తనను బాధించిన ఆ కొరతనుబట్టి సంఘసేవను విడువక, నోటితో చేయలేనిది చేతితో చేయుదునని తలంచి, గాజు పని నేర్చుకొనెను. 1866లో తన పనిశాల పెట్టి, 1907లో మరణించువరకు వేలకొలది కిటికీలు చేయించెను. వాటిలో అనేకముల మూలలో అతని పేరు ఉండదు, చిన్న గోధుమపన ఒకటి ఉండును. అది అతని వంశపు గురుతు. నత్తివానిచేత దేవుడు ఎన్ని వందల దేవాలయములలో మాటలాడించెనో!

యుద్ధకాలము

ఇరువదవ శతాబ్దము వచ్చినపుడు అభిరుచి మారెను. విక్టోరియా కాలపు కిటికీలు మోటువని, చీకటి చేయుచున్నవని కొందరు హేళన చేసిరి. కొన్నిచోట్ల తీసి పారవేసిరి. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. బర్మింగ్‌హామ్ ప్రజలు సెయింట్ ఫిలిప్ దేవాలయపు కిటికీలను ముక్క ముక్కగా విప్పి, వేల్సు దేశములోని ఒక పలకరాతి గనిలో దాచిరి. 1940 నవంబరులో ఆ దేవాలయముపై నిప్పుబాంబులు పడి పైకప్పు కాలిపోయెను. కిటికీలు మాత్రము భద్రముగా ఉండి 1948లో తిరిగి తమ స్థలమునకు వచ్చెను. ప్రతి చోటను అట్లు జరుగలేదు. ఇతర పట్టణములలో ఎన్నో కిటికీలు ఒక్క రాత్రిలో పొడియయ్యెను. యుద్ధము ముగిసిన తరువాత, పోయినదాని విలువ తెలిసి, ఆ కాలపు పనిని కాపాడుటకు 1958లో విక్టోరియన్ సొసైటీ ఏర్పడెను. మూయబడిన దేవాలయముల కిటికీలను కాపాడుటకై 1972లో స్థాపింపబడిన ఒక ప్రదర్శనశాల ఈలీ నగరపు మహా దేవాలయములో కలదు.

మన దేశములో

ఆ కాలపు గాజు సముద్రము దాటి మన దేశమునకును వచ్చెను. బొంబాయిలో మొదటి ఆఫ్గను యుద్ధమున చనిపోయినవారి జ్ఞాపకార్థము కట్టి 1858లో ప్రతిష్ఠించిన దేవాలయమునకు న్యూకాసిల్ నగరపు విలియం వేల్స్ కిటికీలు చేసియిచ్చెను. 1872లో అండమాను దీవులలో హత్యచేయబడిన వైస్రాయి లార్డ్ మేయో జ్ఞాపకార్థము, కలకత్తా సెయింట్ పాల్ మహా దేవాలయపు పడమటి కిటికీని 1880లో పెట్టిరి. అది పైన చెప్పిన బర్న్-జోన్స్ గీసినది.

మన తెలుగువారికి ఈ చరిత్రతో సంబంధము మెదకు మహా దేవాలయమువలన కలిగెను. పాస్నెట్ దొరగారి ఆధ్వర్యమున 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. కరువు దినములలో ఆ పనివలన ఆకలిగొన్నవారికి అన్నము దొరికెనని ఆ ప్రాంతపు సంఘములవారు చెప్పుకొందురు. దాని మూడు గొప్ప కిటికీలలో ఆరోహణము 1927లోను, క్రీస్తు జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చబడెను. అవి విక్టోరియా రాణి కాలపువి కావు. అయితే వాటిని రూపొందించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ 1874లో పుట్టినవాడు. బాలుడై యుండగా, ఆ రాణి కాలముననే, తన అన్నగారి రంగు గాజు పనిశాలలో చేరి పని నేర్చుకొనినవాడు. విన్‌స్టన్ వెదకి తీసిన విద్య ఆ విధముగా తరము వెంట తరము నడచి, మెదకు దాక వచ్చెననవచ్చును. క్రిస్మసు దినమున అక్కడికి బండ్లమీదను బస్సులమీదను వెళ్లిన మన పల్లెవారు తల పైకెత్తి చూచినది ఆ వెలుగునే.

మనకు పాఠము

ప్రియులారా, రంగు కిటికీ లేని మన దేవాలయములకు కొరత ఏమియు లేదు. అప్పుచేసి కిటికీ పెట్టించుడని నేను చెప్పుటలేదు. నేను చెప్పునది వేరు. బయటనుండి చూచినచో ఎంత గొప్ప రంగు కిటికీయైనను నల్లని గాజు ముక్కల కూర్పే. వెలుగు దానిగుండ పోయినపుడే అది ఏమైనది తెలియును. విశ్వాసియు అంతే. వెలుగు తనది కాదు. రంగు మాత్రము తనలో కరిగి యుండవలెను.

మనము ఎంత వెలిగారము కలుపుచున్నామో ఆలోచింపుడి. నాలుగు దినములు పాఠము చెప్పి, జవాబులు వల్లెవేయించి, బాప్తిస్మమునకు నిలువబెట్టుట కలదు. పండుగ దగ్గరపడినదని పది పాటలు నేర్పి పిల్లలను నడిపించుట కలదు. సభలకు జనము ఎక్కువగా రావలెనని బోధను పలుచన చేయుట కలదు. ఆ దినమున ముఖములన్నియు చక్కగానే కనబడును. లెక్క వ్రాసికొని మనము సంతోషింతుము. కాని కష్టము, వ్యాధి, అప్పు, పొలము తగవు, వీటి తేమ ప్రతి రాత్రి పట్టుచునే యుండును. పది యేండ్లు గడిచిన పిదప చూడగా పేరు నిలిచియుండును, ముఖము ఉండదు. తప్పు ఆ విశ్వాసిది మాత్రమే అనకుడి. ఆవము వేడి తగ్గించిన పనివారము మనము.

కట్టెలతోను గడ్డితోను కట్టిన పనికి అగ్నిచేత కలుగు గతిని గూర్చి పౌలు కొరింథు సంఘమువారిని హెచ్చరించిన సంగతి మీకు తెలిసినదే. కాబట్టి పెద్దలారా, ఉపదేశకులారా, బాప్తిస్మమునకు సిద్ధపడువానితో ఒక వర్షకాలము, ఒక వేసవి నడువుడి. వాని ఇంటికి వెళ్లుడి. వాని పొలము గట్టున కూర్చుండుడి. వాక్యము వాని దుఃఖములో కరగువరకు, వాని బేరసారములలో కరగువరకు ఓర్చుకొనుడి. మన పని చెడినచోట, మారిస్ చేసినట్లు ఒప్పుకొని, మన ఖర్చుతోనే తిరిగి చేయుదము. దాత పేరు అడుగున లేకపోయిన లేకపోనిండు. పనివాని పేరు ఎచ్చటను లేకపోయిన లేకపోనిండు. వెలుగు వచ్చు ఉదయమున ముఖము నిలిచియున్న చాలును.